పోపుడబ్బా లాంటి చిన్న డ్రైవు మొరాయిస్తే: 20 చిట్కాలు

"అక్కా, ల్యాప్‌టాప్ ఖరాబైందే. కంపెనీ బొమ్మ కాడనే ఆగిపోతుంది" అని పాశమైలారం నుంచి తమ్ముడు ఫోన్ చేసిన రోజు నెలలో 18వ తారీఖు. 20 లోపల జీఎస్‌టీ రిటర్ను వేయాలి. వాళ్ల చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు లెక్కలన్నీ ఆ ల్యాప్‌టాప్‌లోని టాలీలోనే ఉన్నాయి. దగ్గర్లోని ఒక రిపేరు షాపులో చూపిస్తే హార్డ్‌డిస్క్ పోయింది, ఫార్మాట్ కొట్టాల్సిందే అన్నారట. మంచిదే అయింది, వాడు ఒప్పుకోకుండా ఇంటికి తెచ్చాడు. ఇద్దరం కూర్చుని చూస్తే తేలిందేమిటంటే, హార్డ్‌డిస్క్ నిక్షేపంలా ఉంది. పాడైంది దాని పక్కన ఉండే, అగ్గిపెట్టె మూతంత చిన్న ఎస్‌ఎస్‌డీ. దాన్నే కాష్ డ్రైవు అంటారు.

ఇదేమిటో వంటింటి లెక్కన చెప్తాను. హార్డ్‌డిస్క్ సామాన్ల అర్ర లాంటిది. ఇంట్లో ఉన్నదంతా అందులోనే ఉంటుంది, కానీ వెళ్లి తేవాలంటే ఆలస్యం. కాష్ డ్రైవు పొయ్యి పక్కన పెట్టుకునే పోపుడబ్బా. రోజూ వాడే ఆవాలు, జీలకర్ర అందులో ఉంటే చేయి చాస్తే అందుతాయి. అలాగే రోజూ తెరిచే విండోస్ ముక్కల్ని, ప్రోగ్రాముల్ని ఆ చిన్న డ్రైవు దగ్గర ఉంచుకుని చటుక్కున అందిస్తుంది. పోపుడబ్బా పగిలిందని అర్రలోని బస్తాలు పారబోసుకోం కదా. అయినా ఇళ్లలో జరుగుతున్నది అదే.

మన పటాన్‌చెరు, ఇస్నాపూర్, బొల్లారం, సంగారెడ్డి వైపు ఇలాంటి పాత ల్యాప్‌టాపులు ఇంకా చాలా పని చేస్తున్నాయి. ఆఫీసులు వదిలించుకున్నవి సెకండ్ హ్యాండ్‌లో డిప్లొమా పిల్లల చేతికి, షిఫ్టు ఉద్యోగుల ఇళ్లకు, చిన్న వర్క్‌షాపుల బల్లల మీదికి వస్తున్నాయి. ఒక్కో దాంట్లో ఒక్కో ఇంటి లెక్క, ఒక్కో పిల్లవాడి ప్రాజెక్టు ఉంటుంది. అందుకే తెలిసినంత వరకు వరుసగా చెప్తున్నాను.

1. ముందు అలాంటి డ్రైవు ఉందో లేదో చూడండి

స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. ఒక డిస్క్ 500 జీబీయో 1 టీబీయో ఉండి, ఇంకొకటి 20, 24, 32 జీబీ లాంటి చిన్న అంకెతో, డ్రైవు అక్షరం లేకుండా కనిపిస్తే అది కాష్ డ్రైవు కావొచ్చు. కొన్ని మోడళ్లలో ఇక్కడ కనబడదు, ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ టెక్నాలజీ ప్రోగ్రాములో వెతకాలి. ఇంటెల్ ఈ పద్ధతిని 2011లో స్మార్ట్ రెస్పాన్స్ పేరుతో తెచ్చింది. ఆ తర్వాత వచ్చిన అల్ట్రాబుక్కుల్లో చాలావాటికి ఇలాంటి డ్రైవు పెట్టారు. కొన్నింట్లో ఎక్స్‌ప్రెస్‌కాష్ అనే ప్రోగ్రాము అదే పని చేస్తుంది. అదే పనికి 2017లో వచ్చిన ఆప్టేన్ మెమరీ మొదట 16, 32 జీబీల్లో దొరికేది. ఇంటెల్ 2022లో ఆప్టేన్ వ్యాపారాన్నే ఆపేసింది. ఈ డిస్క్‌ను ఇనిషియలైజ్ చేయమంటారా, ఫార్మాట్ చేయమంటారా అని విండోస్ అడిగితే మాత్రం ఒప్పుకోకండి, క్యాన్సిల్ నొక్కండి.

2. లక్షణాలు గుర్తుపట్టండి

నిన్నటిదాకా అర నిమిషంలో తెరుచుకున్న విండోస్ ఇవాళ ఐదు నిమిషాలు తీసుకోవడం, మౌసు కదులుతున్నా క్లిక్కు పని చేయకపోవడం, ఆన్ చేయగానే నల్ల తెర మీద ర్యాపిడ్ స్టోరేజ్ పేరుతో ఎర్ర అక్షరాలు రావడం, నిద్రపుచ్చిన ల్యాప్‌టాప్ లేవకపోవడం, నీలి తెర పదే పదే రావడం. ఇవన్నీ కాష్ డ్రైవు అలసిందనే సూచనలు కావొచ్చు. అయితే ఇవే లక్షణాలు హార్డ్‌డిస్క్ జబ్బుకూ, ర్యామ్ జబ్బుకూ ఉంటాయి. ఒక్క లక్షణం చూసి తీర్పు చెప్పేయకండి. ఏ రోజు ఏమైందో ఒక కాగితం మీద రాసుకుంటూ పోండి. ఎర్ర అక్షరాలు వస్తే ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి.

3. మందు తర్వాత, కాపీ ముందు

ల్యాప్‌టాప్ ఇంకా తెరుచుకుంటోందంటే అది మీకు ఇచ్చిన గడువు అనుకోండి. ముందు అవసరమైనవి బయటి హార్డ్‌డిస్క్‌లోకో పెన్ డ్రైవులోకో దించండి. వరుస కూడా ముఖ్యం. మళ్లీ తయారు చేసుకోలేనివి మొదట: టాలీ డేటా ఫోల్డరు, పిల్లల ప్రాజెక్టు ఫైళ్లు, ఇంటి దస్తావేజుల స్కాన్లు, ఫొటోలు. సినిమాలు, పాటలు చివర. టాలీలో బ్యాకప్ అని వేరే ఆప్షన్ ఉంటుంది, దాన్ని వాడి నేరుగా పెన్ డ్రైవులోకి తీసుకోండి. అదే ల్యాప్‌టాప్‌లో డి డ్రైవులో దాచుకుంటే అది కాపీ కాదు, సి, డి రెండూ చాలాసార్లు ఒకే డిస్క్ ముక్కలు. కాపీ అయ్యాక ఇంకో కంప్యూటర్లో పెట్టి ఒకటి రెండు ఫైళ్లు తెరిచి చూసుకోండి.

4. "ఫార్మాట్ కొట్టేద్దాం" అంటే ఒప్పుకోకండి

మన వైపు ఏ జబ్బుకైనా మొదటి మందు ఇదే. కాష్ డ్రైవు పాడైనప్పుడు ఫార్మాట్ కొట్టి విండోస్ మళ్లీ వేస్తే, మంచిగా ఉన్న హార్డ్‌డిస్క్‌లోని డేటా పోతుంది. జబ్బున్న చిన్న డ్రైవు మాత్రం అలాగే ఉంటుంది. దాన్ని మళ్లీ కాష్‌గా కలిపితే కొన్ని రోజులకు అదే గోల. అర్ర కడిగి, పగిలిన పోపుడబ్బాను తిరిగి పొయ్యి పక్కన పెట్టినట్టు. ఏది పాడైందో తేలాకే ఫార్మాట్ మాట.

5. చెక్‌డిస్క్‌తో తొందరపడొద్దు

సి, హెచ్, కె, డి, ఎస్, కె అని కొట్టి నడిపే చెక్‌డిస్క్ మంచి పనిముట్టే. కానీ దాన్ని రిపేరు పద్ధతిలో నడిపితే డిస్క్ మీది పట్టికల్ని తిరగరాస్తుంది. కాష్ డ్రైవు తప్పుడు సమాచారం అందిస్తున్నప్పుడు, ఆ తప్పునే నిజమనుకుని సరిదిద్దితే మంచి ఫైళ్లు కూడా చెదిరిపోతాయి. కాపీ తీయడం, కాష్‌ను విడదీయడం ఈ రెండూ అయ్యాకే చెక్‌డిస్క్ నడపండి.

6. విండోస్ రాసుకున్న డైరీ చదవండి

స్టార్ట్ మీద రైట్ క్లిక్ చేస్తే ఈవెంట్ వ్యూయర్ ఉంటుంది. అందులో విండోస్ లాగ్స్, దాని కింద సిస్టమ్. ఎర్ర గుర్తులు, పసుపు గుర్తులు ఉన్న వరుసల్లో నంబర్లు చూడండి. 7 అంటే డిస్క్ మీద చెడిన చోటు తగిలింది. 51 అంటే మెమరీకీ డిస్క్‌కూ మధ్య రాకపోకల్లో తప్పు జరిగింది. 129 అంటే డ్రైవు పలక్కపోతే దాన్ని రీసెట్ చేయాల్సి వచ్చింది. 153 అంటే ఒకసారి అందని పనిని మళ్లీ ప్రయత్నించారు. ఎప్పుడో ఒకసారి వస్తే కంగారు లేదు. రోజుకు పదుల్లో వస్తుంటే నిల్వ వైపే జబ్బు ఉందని అర్థం. ఆ వరుసలో డిస్క్ నంబరు ఉంటే, ఒకటో చిట్కాలో చూసిన నంబరుతో పోల్చండి. చిన్న డిస్క్‌దా పెద్ద డిస్క్‌దా అన్నది అక్కడే చాలావరకు తెలిసిపోతుంది.

7. డ్రైవుల ఆరోగ్యం పరీక్షించండి

ప్రతి డ్రైవూ తన ఆరోగ్యం లెక్క తానే రాసుకుంటుంది. దాన్ని స్మార్ట్ సమాచారం అంటారు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాము దాన్ని చదివి చూపిస్తుంది. హార్డ్‌డిస్క్ విషయంలో మూడు వరుసలు చూడండి: రీఅలొకేటెడ్ సెక్టార్లు, పెండింగ్ సెక్టార్లు, అన్‌కరెక్టబుల్ సెక్టార్లు. ఈ మూడూ సున్నాగా ఉంటే హార్డ్‌డిస్క్ పళ్లెం బాగున్నట్టే అనుకోవచ్చు. అంకెలు రోజురోజుకూ పెరుగుతుంటే దాని కాలం దగ్గర పడింది. ఎస్‌ఎస్‌డీకైతే ఎంత శాతం ఆరోగ్యం మిగిలిందో చూడండి. రెండు డ్రైవులూ జతగా ఉన్నప్పుడు చిన్నది కనబడకపోవచ్చు, విడదీశాక మళ్లీ చూడండి.

8. చెవి పెట్టి వినండి

హార్డ్‌డిస్క్‌లో తిరిగే పళ్లెం, కదిలే సూది ఉంటాయి. అది చెడితే టక్ టక్ అనో, గీరినట్టో చప్పుడు వస్తుంది. ఎస్‌ఎస్‌డీలో కదిలేదేమీ లేదు, అది చప్పుడు చేయకుండానే పాడవుతుంది. ఫ్యాను ఆగిన క్షణంలో కీబోర్డు ముందు అరచేతులు ఆనించే చోట చెవి పెట్టి వినండి. టక్ టక్ వినిపిస్తే ఇక పరీక్షలన్నీ ఆపి, కాపీ తీయడం ఒక్కటే చేయండి. ఏ చప్పుడూ లేకుండా ల్యాప్‌టాప్ బిగుసుకుపోతుంటే అనుమానం చిన్న డ్రైవు వైపు తిప్పండి.

9. అది ఎందుకు అరుగుతుందో తెలుసుకోండి

ఎస్‌ఎస్‌డీల్లో ఉండే నాండ్ ఫ్లాష్‌ను 1987లో జపాన్‌లో తోషిబా కంపెనీలో ఫుజియో మసువోకా బృందం ప్రపంచానికి చూపింది. అందులో సమాచారాన్ని విద్యుత్ ఆవేశంగా చిన్న చిన్న గదుల్లో బంధిస్తారు. చెరిపి రాసిన ప్రతిసారీ ఆ గది గోడ కొంచెం అరుగుతుంది. పెద్ద డ్రైవులో ఆ అరుగుదల కోట్ల గదులకు పంచబడుతుంది. 24 జీబీ డ్రైవులో అవే కొద్ది గదులు పొద్దున్నుంచి రాత్రిదాకా మారుతూనే ఉంటాయి. ఇంటిల్లిపాదీ ఒకే చెంచా వాడినట్టు. పదేళ్లు నడిచిన కాష్ డ్రైవు అరిగిపోతే అందులో మీ తప్పేమీ లేదు. ఆప్టేన్ మాత్రం నాండ్ కాదు, దాని తయారీ వేరు. అందువల్ల ఆప్టేన్ మొరాయిస్తే అరుగుదల కంటే ముందు డ్రైవర్ల వైపు, ఈ మధ్య వచ్చిన అప్‌డేట్ల వైపు చూడండి.

10. మీ కాష్ ఏ పద్ధతిలో ఉందో చూడండి

అన్నిటికంటే ముఖ్యమైన చిట్కా ఇది. స్మార్ట్ రెస్పాన్స్‌లో రెండు పద్ధతులున్నాయి. ఎన్‌హాన్స్‌డ్ పద్ధతిలో మీరు సేవ్ చేసింది కాష్‌లోకీ హార్డ్‌డిస్క్‌లోకీ ఒకేసారి వెళ్తుంది. చిన్న డ్రైవు పోయినా మీ ఫైలు భద్రం. మాగ్జిమైజ్‌డ్ పద్ధతిలో ముందు కాష్‌లో రాసి, తీరిక చూసుకుని హార్డ్‌డిస్క్‌కు చేరుస్తుంది. కొట్టు నుంచి తెచ్చిన జీలకర్ర ముందు పోపుడబ్బాలో పోసి, మిగతాది తర్వాత అర్రలో పెడదాంలే అనుకున్నట్టు. ఆ మధ్యలో డబ్బా పగిలితే అర్రలోకి చేరనిది పోయినట్టే. ర్యాపిడ్ స్టోరేజ్ ప్రోగ్రాములో యాక్సిలరేట్ లేదా పర్ఫార్మెన్స్ అనే పేజీలో మీది ఏ పద్ధతో రాసి ఉంటుంది. మాగ్జిమైజ్‌డ్ అని ఉంటే, ల్యాప్‌టాప్ తెరుచుకుంటున్నంతలోనే దాన్ని ఎన్‌హాన్స్‌డ్‌కు మార్చండి.

11. చెప్పి విడదీయండి, లాగి పారేయకండి

కాష్ డ్రైవును ఊడబెరికే ముందు విండోస్‌కు ఆ సంగతి చెప్పాలి. ర్యాపిడ్ స్టోరేజ్ ప్రోగ్రాములో అదే పేజీలో డిజేబుల్ యాక్సిలరేషన్ నొక్కండి. చేరాల్సిన సమాచారం హార్డ్‌డిస్క్‌కు చేరేదాకా ఓపిక పట్టండి. డ్రైవు అలసి ఉంటే ఇది చాలాసేపు పట్టొచ్చు, మధ్యలో పవర్ బటన్ నొక్కకండి. ఆప్టేన్ ఉన్నవాళ్లు ఆప్టేన్ పేజీలో డిజేబుల్ నొక్కి రీస్టార్ట్ చేయాలి. ఎక్స్‌ప్రెస్‌కాష్ ఉన్నవాళ్లు కంట్రోల్ ప్యానెల్‌లోని ప్రోగ్రాముల జాబితా నుంచి దాన్ని తీసేయాలి. ఈ పని మొదలుపెట్టే ముందు చార్జరు పెట్టి ఉంచండి. కరెంటు పోయే వేళల్లో, గాలివాన మొదలైన సాయంత్రాల్లో ఇది పెట్టుకోవద్దు.

12. విండోస్ తెరుచుకోకపోతే

కొన్ని పాత మోడళ్లలో ఆన్ చేయగానే ర్యాపిడ్ స్టోరేజ్ తెర కనిపిస్తుంది. ఆ క్షణంలో కంట్రోల్, ఐ మీటలు కలిపి నొక్కితే ఒక జాబితా వస్తుంది. అందులో యాక్సిలరేషన్ ఆప్షన్స్‌లోకి వెళ్లి జతను విడదీయొచ్చు. ముందు సమాచారాన్ని హార్డ్‌డిస్క్‌కు చేర్చే అవకాశం చూపిస్తే అదే ఎంచుకోండి. ఆ జాబితాలో డిలీట్ వాల్యూమ్ అనే మాట కూడా ఉంటుంది, దాని జోలికి పోవద్దు. కొన్ని మోడళ్లలో ఇదంతా బయోస్‌లోనే ఉంటుంది. డెల్, ఏసర్, ఆసుస్‌లలో సాధారణంగా ఎఫ్2, హెచ్‌పీలో ఎఫ్10 నొక్కితే బయోస్ తెరుచుకుంటుంది. లెనోవోలో కొన్నిటికి పక్కన పిన్నుతో నొక్కే చిన్న నోవో బటన్ ఉంటుంది. చదివి అర్థం కాని చోట ఎంటర్ నొక్కకుండా ఫొటో తీసి, తెలిసినవాళ్లకు పంపండి.

13. షట్‌డౌన్ అంటే పూర్తిగా ఆగడం కాదు

విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనేది వచ్చింది. షట్‌డౌన్ నొక్కినా కొంత భాగాన్ని డిస్క్ మీద నిద్రపుచ్చి వదిలేస్తుంది. డ్రైవును తీసేముందు, పెన్ డ్రైవు నుంచే నడిచే ఉబుంటు లినక్స్‌తో ఫైళ్లు చూసేముందు పూర్తిగా ఆపాలి. షిఫ్టు మీట పట్టుకుని షట్‌డౌన్ నొక్కితే పూర్తిగా ఆగుతుంది. ఉబుంటుతో తెరిచినప్పుడు కూడా ఫైళ్లు బయటికి కాపీ చేసుకోవడమే తప్ప, ఆ హార్డ్‌డిస్క్ మీద ఏదీ రాయకండి.

14. రెండు రోజులు కాష్ లేకుండా వాడి చూడండి

విడదీశాక ల్యాప్‌టాప్ నెమ్మదిస్తుంది, అది సహజం. నెమ్మదిగా ఉన్నా బిగుసుకుపోకుండా, నీలి తెర రాకుండా రెండు రోజులు నడిస్తే దొంగ దొరికినట్టే, పాడైంది కాష్ డ్రైవే. విడదీసినా బిగుసుకుపోతుంటే హార్డ్‌డిస్క్‌ను, ఆ తర్వాత ర్యామ్‌ను చూడాలి. తమ్ముడి ల్యాప్‌టాప్ మాకు తీర్పు చెప్పింది ఈ పరీక్షతోనే. ఆ రెండు రోజుల్లోనే రిటర్నూ వేసేశాడు.

15. రెయిడ్ నుంచి ఏహెచ్‌సీఐకి దూకేయకండి

కాష్ ఉన్న ల్యాప్‌టాపుల బయోస్‌లో సాటా పద్ధతి చాలావరకు రెయిడ్ అని ఉంటుంది. దాన్ని ఒక్కసారిగా ఏహెచ్‌సీఐకి మారిస్తే విండోస్ నీలి తెర చూపించి ఆగిపోవచ్చు. మార్చాల్సి వస్తే ముందు విండోస్‌లో ఎంఎస్‌కాన్ఫిగ్ తెరిచి సేఫ్ బూట్ టిక్కు పెట్టండి. రీస్టార్ట్ చేసి బయోస్‌లో మార్చండి. సేఫ్ మోడ్‌లో ఒకసారి తెరుచుకున్నాక టిక్కు తీసేసి మళ్లీ రీస్టార్ట్ చేయండి. బిట్‌లాకర్ ఉన్న ల్యాప్‌టాపైతే 48 అంకెల రికవరీ కీ రాసుకోకుండా బయోస్ ముట్టుకోవద్దు. ఆ కీ లేకపోతే మీ ఫైళ్లకు మీరే పరాయివాళ్లవుతారు.

16. విప్పేటప్పుడు చేతులు జాగ్రత్త

చార్జరు తీసి, బ్యాటరీ ఊడేదైతే ఊడదీసి, పవర్ బటన్‌ను 15 సెకన్లు నొక్కి పట్టుకోండి. లోపలి బ్యాటరీ అయితే మూత తీయగానే ముందు దాని కనెక్టరు విడదీయండి. ఉన్ని దుప్పటి మీద, సిల్కు బట్టల్లో ఈ పని చేయొద్దు. ఒళ్లంతా ఉన్న స్థిర విద్యుత్తు పోవడానికి ఏదైనా ఇనుప కిటికీ చువ్వను ఒకసారి ముట్టుకోండి. స్క్రూలన్నీ ఒకే పొడవు ఉండవు, ఏది ఎక్కడిదో కాగితం మీద బొమ్మ గీసి దానిపైనే పెట్టుకుంటూ పోండి. ఎంసాటా డ్రైవు సుమారు 5 సెంటీమీటర్ల పొడవు, 3 సెంటీమీటర్ల వెడల్పు. ఎం.2 రకం 22 మిల్లీమీటర్ల వెడల్పున్న పట్టీలా ఉంటుంది. చివరి స్క్రూ తీయగానే డ్రైవు కొంచెం పైకి లేస్తుంది, ఆ వాలులోనే మెల్లగా బయటికి లాగాలి. బంగారు రంగు పళ్లను వేళ్లతో ముట్టుకోకండి.

17. పాడైందని పారేసే ముందు ఒకసారి తుడిచి పెట్టండి

ముంబై హైవే మీద రాత్రింబవళ్లు లారీలు తిరుగుతుంటాయి. పాశమైలారం, బొల్లారం చుట్టుపక్కల ఇళ్లలో పొద్దున తుడిచిన బల్ల మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు. ఆ దుమ్మే ల్యాప్‌టాప్ లోపలికీ వెళ్తుంది. స్మార్ట్ సమాచారంలో సీఆర్‌సీ తప్పులు పెరుగుతూ, మిగతా అంకెలన్నీ బాగుంటే డ్రైవు కంటే దాని కనెక్టరు మీద అనుమానపడాలి. డ్రైవును తీసి, పళ్లను పొడి మెత్తటి బట్టతో ఒకసారి తుడిచి, గట్టిగా కూర్చోబెట్టండి. ఫ్యాను దారిలో పేరుకున్న దుమ్మును కూడా మెత్తని బ్రష్షుతో తీసేయండి. మామూలు ఎస్‌ఎస్‌డీలు 70 డిగ్రీల దాకా తట్టుకునేలా తయారవుతాయి. మేలో మన దగ్గర బయటే 40 దాటుతుంది, రేకుల షెడ్డులో ఇంకా ఎక్కువ. గాలి ఆడని ల్యాప్‌టాప్‌ను పరుపు మీద పెట్టి నడిపితే ఆ హద్దు దూరంలో ఉండదు.

18. చచ్చిన బ్యాటరీతో నడపొద్దు

పాత ల్యాప్‌టాపుల్లో నేను చూసిన పెద్ద శత్రువు ఇదే. బ్యాటరీ పోయింది, ఎలాగూ చార్జరు మీద నడుస్తోందిగా అని వదిలేస్తాం. కరెంటు పోయిన ప్రతిసారీ, పక్క షెడ్డులో పెద్ద మోటారు ఆన్ చేసి వోల్టేజీ పడిన ప్రతిసారీ ల్యాప్‌టాప్ ఠక్కున ఆరిపోతుంది. ఏ సమాచారం ఏ గదిలో ఉందో చెప్పే పట్టికను ఎస్‌ఎస్‌డీ ఎప్పటికప్పుడు తిరగరాస్తూ ఉంటుంది. సరిగ్గా ఆ రాత మధ్యలో కరెంటు పోతే పట్టిక చెదురుతుంది. అలా బాగున్న డ్రైవు కూడా ఒక్క రాత్రిలో పలకకుండా పోవచ్చు. బ్యాటరీ మార్పించండి, లేదంటే చిన్న యూపీఎస్ మీద నడపండి. అదీ కుదరకపోతే కనీసం మాగ్జిమైజ్‌డ్ పద్ధతి వాడకండి.

19. మళ్లీ చిన్న డ్రైవు కొనొద్దు

కాష్ డ్రైవు పోయిందని అలాంటిదే వెతుక్కుంటూ పటాన్‌చెరు నుంచి 219 బస్సెక్కి సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్తారు. దొరికినా అది ఎక్కడో వాడి తీసిన పాతదే అయి ఉంటుంది. ఒకప్పుడు పెద్ద ఎస్‌ఎస్‌డీ ధర అందనంత ఎక్కువ, అందుకే చిన్నది పెట్టి సర్దుకున్నారు. ఇప్పుడు ఆ అవసరం తీరిపోయింది. చిన్న డ్రైవు జాగా ఖాళీగా వదిలేసి, హార్డ్‌డిస్క్ స్థానంలో 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ పెట్టించండి. ఇంటి లెక్కలకు 256 జీబీ చాలు, ఫొటోలు ఎక్కువైతే 512. కొనేముందు పాత హార్డ్‌డిస్క్ మందం చూడండి. 9.5 మిల్లీమీటర్లదైతే కొత్త 7 మిల్లీమీటర్ల డ్రైవు వదులుగా కూర్చోకుండా చిన్న చట్రం అడగాలి. పాత హార్డ్‌డిస్క్‌ను యూఎస్‌బీ కేసులో పెట్టుకుంటే కాపీలు దాచుకోవడానికి పనికొస్తుంది. ఒక్క సంగతి గుర్తుంచుకోండి: విండోస్ 10కి మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి, ఈ పాత ల్యాప్‌టాపుల్లో చాలావాటికి విండోస్ 11 పడదు. బ్యాంకు పనులు దాని మీద చేయాలనుకుంటే, లినక్స్ వేయించుకోవడమా కొత్తది కొనడమా అన్నది ఖర్చు పెట్టే ముందే ఆలోచించుకోండి.

ఒక మినహాయింపు ఉంది. కొన్ని ల్యాప్‌టాపుల్లో కాష్ విడిగా ఉండదు. హైబ్రిడ్ హార్డ్‌డిస్కుల్లో ఆ చిప్పు డిస్క్ లోపలే ఉంటుంది. 2019లో వచ్చిన ఆప్టేన్ హెచ్10 పట్టీ మీదైతే కాష్, అసలు నిల్వ రెండూ ఒకేచోట ఉంటాయి. వీటిని కాష్ అనుకుని ఊడదీస్తే మొత్తం డేటాను ఊడదీసినట్టే. పట్టీ మీది పేరు చదివాకే చేయి పెట్టండి.

20. షాపుకెళ్తే చీటీతో వెళ్లండి, పాత డ్రైవును చెత్తలో వేయకండి

అన్నీ ఇంట్లోనే చేయాలని లేదు. షాపుకు ఇచ్చేటప్పుడు మూడు మాటలు రాసి ఇవ్వండి: ఇందులో కాష్ డ్రైవు ఉంది, దాన్ని విడదీసి పరీక్షించండి, అడగకుండా ఫార్మాట్ చేయొద్దు. మార్చిన పాత డ్రైవును తిరిగి అడిగి తీసుకోండి. మీరు తరచూ తెరిచిన కాగితాల ముక్కలు అందులో మిగిలి ఉండొచ్చు. డబ్బులకు ఆశపడి దాన్ని అమ్మొద్దు. ఇక అది ఎందుకూ పనికిరాదని తేలాక, దాని మీది నల్లని చిప్పులు ముక్కలయ్యేలా విరిచి, ఈ-వ్యర్థాలు తీసుకునే అధీకృత కేంద్రానికి ఇవ్వండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న కొత్త ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం వీటిని సేకరించి శుద్ధి చేయించే బాధ్యత తయారీదారుల మీద కూడా ఉంది.

దీన్ని చివర చెప్పినా చిన్న విషయం అనుకోకండి. ఫ్యాక్టరీల మురుగుతో పాడైన నక్కవాగు కోసం 1990లోనే సుప్రీంకోర్టు గడప తొక్కిన ప్రాంతం మనది. ఆ వాగు వెళ్లి కలిసేది మంజీరలో. చెత్తకుప్పలో కాలే ఒక్క సర్క్యూట్ పట్టీ ఎంత చిన్నదైనా, దాని పొగ మన పిల్లలు పీల్చే గాలిలోనే కలుస్తుంది.

తమ్ముడి ల్యాప్‌టాప్ ఇప్పుడు కొత్త ఎస్‌ఎస్‌డీతో, కొత్త బ్యాటరీతో నడుస్తోంది. ప్రతి శనివారం షిఫ్టు దిగాక టాలీ బ్యాకప్ పెన్ డ్రైవులోకి తీసి, దాన్ని బియ్యం డబ్బా పక్కన పెట్టి వెళ్తున్నాడు. మీ ఇంట్లో ల్యాప్‌టాప్ ఇవాళ బాగానే నడుస్తుంటే, మూడో చిట్కా ఒక్కటి ఈ రాత్రే చేయండి. మిగతా పందొమ్మిదీ అవసరం వచ్చినప్పుడు చూసుకోవచ్చు.